గొట్టం మునిగేదాకా

జనవరి 9, మంగళవారం

కొత్త కమిషనరు గారికి ఊరి మీద ప్రేమ పుట్టింది. వచ్చి నెల కాలేదు, ఈ ఊరికి చరిత్ర ఉందని కనిపెట్టేశారు. చూడదగ్గ చోటల్లా ఇనుప బోర్డు పాతించాలట. మొత్తం పన్నెండు. ఒక్కో బోర్డుకి అరవై మాటలు మించకూడదు. అంతకు మించితే అక్షరాలు చీమల్లా వస్తాయని పెయింటరు ముందే చెప్పేశాడట.

ఆ రాసే పని నాకు అంటగట్టారు. "మీ టైపులో తప్పులుండవు. పైగా మీవారిది ఈ ఊరేగా, సముద్రం మీదే పుట్టి పెరిగారట. ఏదైనా తెలియకపోతే ఆయన్నడిగితే సరి," అన్నారు. సరే అన్నాను. పక్క బల్లల దగ్గర ఇద్దరు గుమాస్తాలూ ఒక్కసారిగా ఫైళ్లలో తలలు దూర్చేశారు. ఊరంతటికీ తెలిసిన సంగతి కమిషనరు గారొక్కరికే తెలియదు. నేనెందుకు చెప్పాలి?

ఇది పాత హాజరు పట్టీ. వెనక సగం ఖాళీగా ఉంటే చిత్తు రాసుకోవడానికి ఇంటికి తెచ్చుకున్నాను. బోర్డుల సంగతి తప్ప ఇందులో మరేమీ రాయను.

జనవరి 10

లైట్‌హౌస్ అయిపోయింది. యాభై ఎనిమిది మాటలు.

జనవరి 13, శనివారం

ఐసు ఫ్యాక్టరీ పొగగొట్టం నిజానికి పన్నెండో బోర్డు. తేలిక కదా అని ముందే రాసేశాను. కట్టిన సంవత్సరం ఇటుకల్లోనే చెక్కి ఉంది. ఎత్తు ఇంజనీరు చెప్పాడు. బొగ్గు బాయిలరుతో ఐసు చేసిన రోజుల్లో పగలంతా పొగ వచ్చేదని, కరెంటు ఐసు వచ్చాక ఫ్యాక్టరీ మూతపడిందని, నేను ఉద్యోగానికి ఈ ఊరు వచ్చేసరికే అది పావురాల పాలైందని రాశాను. పావురాలు తీసేశాను. యాభై మాటలు మిగిలాయి.

అత్తకి చదివి వినిపించాను. ఆవిడ ముందు గదిలో కూర్చుని వల అతుకు వేస్తోంది. డెబ్భై దాటినా సూదికి దారం ఇంకా తనే ఎక్కించుకుంటుంది.

"గొట్టం గురించి ఇంతేనా?" అంది.

"ఇంకేముంది?"

"ఏం లేదులే. ఆఫీసోళ్లకి ఇది చాలు."

ఆవిడకి ఆఫీసంటే చులకన. ఉండదా మరి? కొడుకు వెళ్లిపోయి నాలుగేళ్లయింది, ఆఫీసు మూలంగానే. మాకు పిల్లలు లేరు. అయినా ఆవిడ నాతోనే ఉండిపోయింది. కొడుకు దగ్గరికి పొమ్మని చుట్టుపక్కలవాళ్లు చెవిలో ఊదితే, "నా కోడల్ని ఎవరు చూస్తారు, మీరు చూస్తారా?" అని గదమాయించింది.

అతన్ని అడగమన్నారు కమిషనరు గారు. ఈ ఊరు మునిగిపోయేదాకా చూస్తానని శాపం పెట్టి వెళ్లిన మనిషిని పట్టుకుని, ఊరి చరిత్ర చెప్పమని అడగాలట!

జనవరి 15, సోమవారం

తుఫాను గీత. చేపల వేలం షెడ్డు గోడ మీద, పెద్ద తుఫాను రోజున నీళ్లు ఎంత ఎత్తు వచ్చాయో తారుతో గీసిన గీత. ఎంతమంది పోయారు, ఎన్ని పడవలు పోయాయి, అన్నీ రికార్డులో ఉన్నాయి. రాయడం కష్టం కాలేదు.

పెళ్లయిన కొత్తలో అతను నన్ను ఆ గోడకి ఆనించి నిలబెట్టాడు. గీత సరిగ్గా నా కనుబొమల మీదికొచ్చింది. "నువ్వు గనక ఆ రోజు ఉండుంటే ముక్కుకి నీళ్లు, కళ్లకి నీళ్లు. నేనుంటే గెడ్డం దాకానే. భుజానెత్తుకునేవాణ్ణి," అన్నాడు. నా కంటే జానెడు పొడుగని ఎప్పుడూ ఒకటే గొప్ప.

ఇది బోర్డు మీద రాయడానికి కాదు. ఊరికే రాశాను.

జనవరి 17, బుధవారం

చెక్క జెట్టీ ఏ ఏడు కూలిందో రికార్డులో లేదు. వేలం షెడ్డులో ముగ్గుర్ని అడిగితే మూడు సంవత్సరాలు చెప్పారు. అత్తనడిగితే, "నా రెండో ఆడపడుచు పురిటికొచ్చిన ఏడు," అంది. ఆ ఆడపడుచు లేదు, పుట్టిన పిల్ల ఎక్కడుందో తెలియదు.

అతనికి తెలుస్తుంది. కూలిన రోజున దాని మీదే ఉన్నాడు, నీళ్లలో పడి చెయ్యి విరగ్గొట్టుకున్నాడు. చెయ్యి విరిగిన సంవత్సరం ఎవరు మర్చిపోతారు?

ఐసు లారీ వారానికి మూడుసార్లు కింది హార్బరుకి వెళుతుంది, అతనుండే హార్బరుకి. ఐదు గంటల దారి. డ్రైవరు అతని చిన్ననాటి స్నేహితుడు. ఊళ్లోకి వస్తే రెండు వీధుల ముందునుంచే మోగిస్తాడు కనక అందరూ హారన్ అనే పిలుస్తారు. ఇవాళ లారీ ఆపి, జెట్టీ కూలిన సంవత్సరం కావాలి, మునిసిపాలిటీ బోర్డుకి, అని చెప్పాను. మునిసిపాలిటీ అనే మాట రెండుసార్లు అన్నాను.

"ఉత్తరమేదైనా ఇస్తావా వదినా?" అన్నాడు.

"ఉత్తరమెందుకు? ఒక్క ముక్క అడిగి రావడానికి."

"ఒక్క ముక్కే కదా," అన్నాడు, పళ్లికిలిస్తూ. ఒళ్లు మండింది.

జనవరి 20

హారన్ తెచ్చిన జవాబు: "అడుగుతోంది ఆఫీసా, ఆవిడా?"

ఇదేనా జవాబు? సంవత్సరం అడిగితే సంవత్సరం చెప్పాలి.

జనవరి 21

ఆఫీసు, అని చెప్పి పంపాను.

జనవరి 24, బుధవారం

సంవత్సరం వచ్చింది. దానితో పాటు, "కూలింది పొద్దున్న, ఆటు మీద. ఆఫీసుకి ఇంకేమైనా కావాలంటే అడగమను," అని కూడా వచ్చింది. హారన్ అక్షరం పొల్లు పోకుండా అప్పజెప్పాడు. నేను మనసులో లెక్కపెట్టుకున్నాను, సంవత్సరం కాక ఎనిమిది మాటలు. మొన్నటి మూడు మాటలూ కలిపి, నాలుగేళ్లలో అతని దగ్గర నుంచి నాకు చేరినవి అవే. నాకు కూడా కాదు, ఆఫీసుకి.

ఇంకేం అడగాలా అని సాయంత్రమంతా ఆలోచించాను. రాళ్ల కట్టలో రాళ్లు ఏ కొండ నుంచి వచ్చాయి? నాకు తెలుసు. వేలం పాటగాడు చెక్క గంట ఎందుకు కొడతాడు? అదీ తెలుసు. తెలియనిదేదీ దొరకలేదు.

జనవరి 27, శనివారం

నాలుగో బోర్డు. పాత పడవల రేవు.

"ఒకప్పుడు ఇక్కడ నూట ఇరవై పడవలు ఇసుక మీద వరసగా ఉండేవి." కొట్టేశాను.

"ప్రస్తుతం ఈ స్థలంలో సుందరమైన పార్కు కలదు." కొట్టేశాను. సిమెంటు బల్లలు తొమ్మిది, రంగు పోయిన జిరాఫీ ఒకటి. ఆ జిరాఫీ ఎందుకో ఎవరికీ తెలియదు.

"ప్రజల సౌకర్యార్థం పడవలను ఉత్తర దిక్కున గల కొత్త జెట్టీకి తరలించడమైనది." ఇది రాసి ఆగిపోయాను. ఈ వాక్యం నాకు కొత్త కాదు. నాలుగేళ్ల కింద నోటీసులో నేను టైపు చేసిన వాక్యమే.

ఆ సంగతి కూడా రాసేస్తే పోతుంది.

బుధవారం మధ్యాహ్నం అప్పటి సూపరింటెండెంటు ఆ కాగితం నా బల్ల మీద పెట్టి, అంటించేదాకా పిట్టకి కూడా తెలియకూడదన్నాడు. పదిహేను రోజుల్లో రేవు ఖాళీ చేయాలి. మా ఇంటి గుమ్మంలోంచి చూస్తే అతని బోటు కనబడేది. ఆ బోటు కూడా ఖాళీ చేయాల్సిన వాటిలోదే. టైపు చేశాను. మామూలుగానే కింద ఎడమ మూల నా పొడి అక్షరాలు రెండూ కొట్టాను. ఇంటికొచ్చి వంట చేశాను. గురువారం, శుక్రవారం కూడా చేశాను. చెబితే గొడవ చేస్తాడు, గొడవ చేస్తే నా ఉద్యోగం పోతుంది అనుకున్నాను. అనుకున్నానో, ఇప్పుడు అలా అనుకుంటున్నానో.

శనివారం గోడ మీద చూశాడు. ఐదో తరగతి చదువు. నోటీసంతా కూడబలుక్కుని చదివాడట, కింద దాకా వచ్చాడట. మేము కలిసిందే అతని బోటు లైసెన్సు కాగితం దగ్గర. దాని మూల కూడా ఆ అక్షరాలే ఉంటాయి. ఇవెవరివని అప్పట్లో కిటికీ దగ్గర నిలబడి అడిగాడు. అది మొదలు వారానికోసారి ఏదో కాగితం కావాలని వచ్చేవాడు.

"ఇవి నీ అక్షరాలేగా?" అన్నాడు.

"టైపు చేసింది నేనే. నిర్ణయం నాది కాదు."

"అది నాకూ తెలుసు. ఎప్పుడు చేశావు?"

"బుధవారం."

"ఇవాళ శనివారం. మూడు రోజులు ఎదురుగా కూర్చుని అన్నం పెట్టావు."

"ఆఫీసు సంగతులు ఇంట్లో చెప్పకూడదు."

"నా బోటు ఆఫీసు సంగతా?"

కొత్త జెట్టీలో పెట్టనన్నాడు. కింది హార్బరుకి పోతానన్నాడు. పొమ్మన్నాను. సోమవారం పొద్దున్న బోటు నీళ్లలోకి తోసి, మోకాలి లోతులో నిలబడి, వెనక్కి తిరిగి అందరూ వింటుండగా అన్నాడు. "గొట్టం మునిగేదాకా చూస్తా. పొగ పెట్టేది నువ్వే."

ఊరు మునగాలని శాపం, పైగా పొగ పెట్టి వెళ్లగొట్టింది నేనేనని నింద. అతని ముందు ఏడవకూడదని గిర్రున తిరిగి ఇంటికొచ్చి, తయారై, ఆఫీసుకి వెళ్లిపోయాను. ఆ రోజు ఇరవై రెండు కాగితాలు టైపు చేశాను, ఒక్క తప్పు లేకుండా.

నాలుగో బోర్డు రేపు రాస్తాను.

జనవరి 28

రాయలేదు.

జనవరి 31, బుధవారం

ఎలా జరిగిందో అలాగే రాస్తాను.

పొద్దున్న కమిషనరు గారు పిలిచారు. ఐసు ఫ్యాక్టరీ గొట్టం ఒక పక్కకి ఒరిగిందట. వచ్చే గురువారం, ఎనిమిదో తారీకున కూలగొట్టిస్తారట. "బోర్డులు పదకొండే చేద్దాం. అంటించేదాకా బయటికి పొక్కనివ్వకండి," అన్నారు. మనిషి మారాడు, కుర్చీ మారింది, మాట అదే. టైపు చేశాను. ఎడమ మూల అక్షరాలు కొట్టాను. ఐదింటికి ఇంటికొచ్చాను. చెప్పులు కూడా విడవకుండా గుమ్మంలోంచే చెప్పాను.

"అత్తా, వచ్చే గురువారం గొట్టం కూలగొడుతున్నారు. నోటీసు నేనే టైపు చేశాను. ఎవరికీ చెప్పొద్దన్నారు. నీకు చెబుతున్నాను."

ఆవిడ వల ఒళ్లోనే వదిలేసి నా వైపు చూసింది. ఏమంటుందోనని భయం వేసింది. తీరా, "అయితే బోటుకెళ్లినోళ్లని ఇక పిలిచేదెట్టా?" అంది. నాతో కాదు, తనలో తాను అనుకున్నట్టు.

"ఏం పిలవడం?"

"పొగ పెట్టి పిలవడం. ఇప్పుడెవరూ పెట్టట్లేదనుకో. అయినా గొట్టమంటూ ఉంది కదా అని ధైర్యం."

"పొగ పెట్టి వెళ్లగొడతారు గానీ, పిలవడమేమిటి?"

"వెళ్లగొట్టడమేమిటే? ఇంట్లో ఏదైనా జరిగిందనుకో, బోటు అప్పటికే పోయిందనుకో. ఫ్యాక్టరీ ఉన్న రోజుల్లో బాయిలరాయన దగ్గరికి పరిగెత్తేవాళ్లం. ఆయన పొయ్యిలో తారు తాడు పడేసేవాడు. నల్లగా లేచేది పొగ. ఫ్యాక్టరీ మూశాక గొట్టం మొదట్లోనే కాల్చేవాళ్లు. సరంగు గొట్టం మునిగేదాకా వెనక్కి చూస్తానే ఉంటాడు. నల్ల పొగ లేచిందా, ఎందుకు ఏమిటి అనడు, బోటు తిప్పేస్తాడు. గొట్టం మునిగాక ఇక చూడడు. చూసినా ఏం కనబడుద్ది?"

"మునగడమంటే?"

"దూరం పోయేకొద్దీ మునిగిపోవూ? ముందు ఇళ్లు మునుగుతాయి, తర్వాత షెడ్డు, ఆఖర్న గొట్టం. ఇన్నేళ్ల నుంచీ ఇక్కడున్నావు, నీకు తెలీదా?"

చెప్పుల కాళ్లతోనే వెళ్లి ఆవిడ ఎదురుగా కూర్చున్నాను.

"అత్తా, అయితే ఆ రోజు అతను..."

"నీతోనే అన్నాడుగా. నేను గుమ్మంలో నిలబడి విన్నా. నాకు చెప్పలేదు, నీకు చెప్పాడు. లోపలికి పోయి తారు తాడు ముక్క వెతికి తెచ్చి గడప మీద పెట్టా, నీ చేతికి అందేలాగా. నువ్వు కాలితో పక్కకి నెట్టి ఆఫీసుకి పోయావు."

నెట్టాను. నాకు గుర్తుంది. గడపకి తారు అంటుతుందని విసుక్కున్నాను కూడా.

"నువ్వు పెట్టొచ్చుగా పొగ! నువ్వెందుకు పెట్టలేదు?" అని అరిచాను. ఆవిడ మీద నేను ఎప్పుడూ గొంతు పెంచలేదు.

"నేను పెడితే వచ్చేవాడే. తల్లి పిలిస్తే ఎవడైనా వస్తాడు. వాడు చూసింది నీ పొగ కోసం. నువ్వే పెట్టావనుకుని వాడు పరిగెత్తుకొచ్చి, ఇంట్లో నువ్వు లేకపోతే? వాడి మొహం చూడటం నా వల్ల అయ్యేది కాదు."

"ఈ నాలుగేళ్లలో ఒక్కసారైనా నాతో అనలేదేం?"

"తెలిసే పెట్టలేదనుకున్నా. నీకు అక్కర్లేదనుకున్నా. అక్కర్లేని మొగుణ్ణి గుర్తుచేసి నిన్ను ఏడిపించడమెందుకు? నన్ను చూసుకుంటున్నావు, నాకు జ్వరమొస్తే సెలవు పెడుతున్నావు. అంతకంటే నిన్నేం అడగను?"

ఆవిడే లేచి వంట చేసింది. ఉప్పు మర్చిపోయింది. ఇద్దరం అలాగే తిన్నాం.

ఫిబ్రవరి 1

ఆఫీసుకి వెళ్లాను. ఏం టైపు చేశానో గుర్తులేదు.

ఫిబ్రవరి 2, శుక్రవారం

అందరి మీదా కోపంగా ఉంది. అత్త మీద, నా మీద, ముఖ్యంగా అతని మీద. నోరారా "నన్ను ఆపు" అనొచ్చుగా! రెండు మాటలు. మెట్టలో పుట్టిన మనిషిని నేను. మా ఊళ్లో చూస్తా అంటే బెదిరింపు. పొలం గట్టు తగాదాల్లో నీ అంతు చూస్తా అంటారు, నీ సంగతి చూస్తా అంటారు. మా మేనమామ ఇంట్లో పెద్ద కోడలికి పొగ పెట్టారంటే ఆ పిల్ల పుట్టింటికి చేరిందని అర్థం. ఈ మాటలు వింటూ పెరిగిన చెవులతోనే కదా అతని మాటా విన్నాను. తొమ్మిదేళ్లు కాపురం చేసి నాకేం వచ్చో ఏం రాదో తెలియకపోతే అదేం కాపురం?

ఇలా కాసేపు తిట్టుకున్నాక, అతను గొట్టం వైపు చూస్తూ వెళ్లడం కళ్ల ముందుకొస్తుంది. ఇళ్లు ముందు మునుగుతాయట, తర్వాత షెడ్డు.

అతన్ని చూడాలనుంది. నాలుగేళ్లలో ఈ మాట ఒక్కసారి కూడా రాయలేదు, అనలేదు, అనుకోలేదు కూడా. ప్రతిరోజూ చూడాలనే ఉంది.

ఫిబ్రవరి 4, ఆదివారం

ఉత్తరం మొదలుపెట్టాను. "నేను క్షేమం, అత్త క్షేమం." చింపేశాను. "ఆ రోజు నీ మాట నాకు వేరేగా అర్థమైంది." ఇది ఎవరైనా నమ్ముతారా? కాగితం మీద నాకే సాకులా కనబడింది. మూడో కాగితం మీద "పొగ" అని రాసి ఆగిపోయాను. చేతికి అలవాటై అన్నీ నోటీసుల్లానే వస్తున్నాయి. కింద పొడి అక్షరాలొకటే తక్కువ.

అత్త తలుపు దగ్గర నిలబడి చూస్తోంది.

"హారన్‌కి ఇచ్చి పంపుతావా?" అంది.

"లేదు. హారన్ లారీలో నేనే పోతా."

"ఆ డొక్కు లారీలోనా? నడుం విరుగుద్ది," అంటూ వెళ్లి నా పెట్టె దులపడం మొదలుపెట్టింది.

ఫిబ్రవరి 5

సెలవు చీటీ ఇచ్చాను. కారణం అని ఉన్న చోట "సొంత పని" అని రాశాను.

ఫిబ్రవరి 6, మంగళవారం

తిరుగు దారిలో, లారీ ముందు సీట్లో కూర్చుని రాస్తున్నాను. అక్షరాలు ఎగురుతున్నాయి. ఇంటికి వెళ్లేదాకా ఆగలేను.

పదకొండింటికి చేరాం. అది మా ఊరికి నాలుగింతలుంటుంది. ఎవర్నీ అడక్కుండానే హారన్ నన్ను బోట్లు గట్టెక్కించే వాలు దగ్గరికి తీసుకెళ్లి, "నాకు టీ తాగే పనుంది వదినా," అని మాయమైపోయాడు. ఒరగబెట్టిన పెద్ద బోటు కింద కూర్చుని అతను అడుగున పట్టిన గుల్లలు గీకుతున్నాడు. వీపు చూసే గుర్తుపట్టాను. జుట్టు పల్చబడింది. నా నీడ పడితే తలెత్తాడు.

గీకుడు చెక్క చేతిలో అలాగే ఉండిపోయింది. "అమ్మ బాగానే ఉందా?" అన్నాడు.

"బాగానే ఉంది."

"మరి? ఆఫీసు పనా?"

"కాదు."

లేచి, ఒక ఖాళీ పీపా నా వైపు దొర్లించాడు కూర్చోమని. కూర్చోలేదు. కూర్చుంటే ధైర్యం పోతుందనిపించింది.

"ఆ రోజు నువ్వన్న మాట నాకు తెలియలేదు," అన్నాను.

"ఏ మాట?"

"గొట్టం మునగడం, పొగ పెట్టడం. మునగడమంటే ఊరు మునగాలని నువ్వు శాపం పెట్టావనుకున్నాను. పొగ పెట్టేది నువ్వే అంటే, నిన్ను వెళ్లగొట్టింది నేనేనని అందరి ముందూ నన్ను అన్నావనుకున్నాను. మా వైపు అదే అర్థం. మొన్న బుధవారం అత్త చెప్పేదాకా నాకు తెలియదు. నా మీద ఒట్టు."

అతను నన్నే చూస్తున్నాడు. లైసెన్సు కాగితంలో కొమ్ములు, దీర్ఘాలు పట్టి పట్టి చదివే రోజుల్లో చూసినట్టు.

"శాపమా?" అన్నాడు చివరికి. "మా అమ్మ ఉన్న ఊరికి? నువ్వున్న ఊరికి?"

"నాకేం తెలుసు? కోపంలో ఉన్నావు కదా."

"కోపంగా ఉంటే శాపాలు పెడతానా? నేనేమన్నా మునినా?"

నవ్వు వచ్చేసింది, నాకు, అతనికి కూడా. నవ్వుతూనే మొహం బోటు వైపు తిప్పుకున్నాడు. అలా అటు తిరిగే చెప్పాడు. గొట్టం అగ్గిపుల్లంత కనబడుతుండగా ఇంజను ఆపేశాడట. తోడు వచ్చినతను ఇంజను పాడైందా అంటే అవునన్నాడట. ఎండ నడినెత్తికొచ్చేదాకా అక్కడే ఉన్నారట.

"ఒకసారి పొగ లేచింది. బోటు తిప్పేశా. ఇంజను పాడైందన్నవాణ్ణి ఎంత స్పీడు పోనిచ్చానో! సగం దూరం వచ్చాక చూస్తే తెల్లగా ఉంది. మీ మునిసిపాలిటీ వాళ్లు చెత్త తగలబెడుతున్నారు," అన్నాడు.

ఇక నిలబడలేకపోయాను. పీపా మీద కూర్చుని ఏడ్చాను. చుట్టూ మనుషులున్నారు, చూస్తున్నారు. చూడనీ. అతను నా దగ్గరికి రాలేదు. చేతులకి గుల్లల మడ్డి ఉంది, రెండు చేతులూ దూరంగా పట్టుకుని నా ఎదురుగా గొంతుక్కూర్చున్నాడు.

"ఊరుకో క్లర్కమ్మా," అన్నాడు. ఆ పిలుపు విని నాలుగేళ్లయింది.

కాసేపటికి తేరుకుని అన్నాను. "ఆ నోటీసు సంగతి బుధవారమే నీకు చెప్పాల్సింది. ఆఫీసుకి భయపడ్డాను. అది నా తప్పు, అర్థం కాకపోవడం వేరే తప్పు. రెండూ నావే. ఇప్పుడు పిలుస్తున్నాను, వస్తావా?"

"ఇక్కడికి గొట్టం కనబడదుగా. మునిగాక పిలిస్తే రావాలని లేదు," అన్నాడు. నవ్వుతున్నాడో లేదో తెలియలేదు.

"అందుకేగా ఐదు గంటలు లారీలో కూర్చుని వచ్చాను."

అతను చెక్కతో నేల మీద గీతలు గీస్తూ చెప్పాడు. గురువారం ఈ బోటు వేటకి వెళ్తుందట. తనే సరంగు, కింద నలుగురు. మధ్యలో వదిలేసి రావడం కుదరదు, పది పన్నెండు రోజులు పడుతుంది. అంతా చెప్పి, చేతులు గుడ్డకి తుడుచుకుంటూ లేచి, "ఈ వేట కానీ. తర్వాత చూద్దాం," అన్నాడు.

మామూలుగా అయితే నేను కూడా సరే చూద్దాం అని లేచి వచ్చేసేదాన్నే. లారీ ఎక్కాక, చూద్దాం అన్నాడంటే రానని చెప్పలేక అన్నాడు అనుకునేదాన్ని. ఇంకో నాలుగేళ్లు అనుకుంటూ ఉండేదాన్ని.

"చూద్దాం అంటే?" అన్నాను.

"చూద్దాం అంటే చూద్దామనే."

"మీ వైపు అర్థమేమిటో నాకు తెలియదు. మా వైపు అర్థం మంచిది కాదు. విడమరచి చెప్పు."

"నీకు కాగితం మీద ఉంటే గానీ నమ్మకం కుదరదా?"

"కుదరదు," అని ఈ పుస్తకం తీసి, ఆఖరి పేజీ తెరిచి, మిగతా పేజీలు కనబడకుండా అరచేత్తో మూసి పట్టుకుని, పెన్ను ఇచ్చాను. బోటు చెక్క మీద పెట్టుకుని రాశాడు. చాలాసేపు రాశాడు. ఒకచోట ఆగి, "మధ్యాహ్నానికి వత్తు ఎక్కడ?" అని అడిగాడు. నేను చెప్పలేదు. నీకు వచ్చినట్టే రాయమన్నాను.

ఇది ఆఖరి పేజీ. కింద ఉన్నది అతని రాత.

యిరవయ్యో తారీకు మద్యానం వస్తాను. చూద్దాం కాదు. వస్తాను.